గుల్లనూక రెబెక్కమ్మ

బోగోలుకు తూర్పున, ఉప్పుకాలువ గట్టు మీది ఊళ్ళలో, కోడిపెట్ట తన గుడ్డును తానే పొడుచుకు తినడం మరిగిందంటే రెండే దార్లు ఉండేవి. పెట్ట మెడ విరిచి పులుసు పెట్టడం ఒకటి, రెబెక్కమ్మకు కబురు పెట్టడం ఒకటి. మగవాళ్ళకు మొదటిది నచ్చేది, పులుసు తినేది వాళ్ళే గనక. ఆడవాళ్ళకు రెండోది నచ్చేది, గుడ్లు కుండలో దాచి అమ్ముకునేది వాళ్ళే గనక.

కబురు అందిన మర్నాడు పొద్దున్నే రెబెక్కమ్మ నెత్తిన గంపతో దిగేది. నలభై ఏళ్ళ మనిషి, పొడుగు, బక్కపలచన. రోకలి పట్టి పట్టి అరచేతులు కాయలు కాచిపోయాయి. నోరు అంతకంటే గట్టిది. వస్తూనే పెట్టను రెండు కాళ్ళూ పట్టి తలకిందులుగా ఎత్తి, మెడ కింద మేతసంచి తడిమి చూసి, ముందుగా ఇల్లాలిని దులిపేసేది.

"ఒడ్లు పోస్తుండావు, తవుడు పెడుతుండావు, బాగానే ఉండాది. గుడ్డుకు పెంకు యాడనించి వస్తాదనుకుంటివి? నీ చేతి గాజుల్లోనించా? దానికి కావాల్సింది నువ్వు పెట్టకపోతే అది దాని గుడ్డు తినక నిన్ను తింటాదా?"

ఇల్లాలు నవ్వేది, లేకపోతే మూతి ముడిచేది. ఏం చేసినా రెండు గుడ్లు ఇచ్చి సోలెడు గుల్లనూక కొలిపించుకునేది.

గుల్ల అంటే ఏరు సముద్రంలో కలిసే మొగల్లోనూ, ఉప్పుకాలువ అడుగునా దొరికే ఆల్చిప్పలు. రెబెక్కమ్మ వాటిని మొలలోతు నీళ్ళలో దిగి తవ్వుకొచ్చి, మంచినీళ్ళలో మూడుసార్లు కడిగి, ఎండబెట్టి, రోట్లో దంచి జల్లెడ పట్టేది. మెత్తని పిండి పారబోసి ముక్క మాత్రమే ఉంచేది. పిండి కడుపులో ఆగదు, ముక్కయితే కందనకాయలో కూర్చుని కాస్త కాస్తగా అరుగుతుందని ఆమె లెక్క. కోళ్ళకు బియ్యపు నూకంత, బాతులకు పెసరగింజంత. దానితోపాటు గంపలో ఇంకో మూట ఉండేది. సంగం నుంచి వచ్చే బండ్లవాళ్ళ చేత తెప్పించుకున్న పెన్నేటి గరుసు, సన్నటి రాళ్ళ ఇసక అది. పళ్ళు లేని జాతికి కందనకాయే తిరగలి, గరుసు లేకపోతే ఆ తిరగలికి రాయి లేనట్టేనని చెప్పేది. దగ్గరుంది కదా అని సముద్రపు ఇసక పెట్టేవాళ్ళు కనబడితే మాత్రం తిట్టకుండా వదిలేది కాదు. ఆ ఉప్పుకు కోడిపిల్లలు చచ్చిపోతాయి.

ఈ విద్య ఆమెకు బడిలో ఎవరూ చెప్పలేదు. భర్త పేరు సమాధానం, సున్నపు బట్టీలో కూలి. శాంతి అనే అర్థంలో ఆ పేరు పెట్టిన పాస్టరుగారు పసివాణ్ణి చూసి పెట్టారు గానీ పెద్దయ్యాక వాడి చేతులు చూడలేదు. గుల్లను కాలిస్తే సున్నం. కాల్చకముందు బట్టీ పక్కన పోసిన పచ్చిగుల్ల కుప్ప మీద ఏరుకు తిరిగే తన కోళ్ళ గుడ్లు రెండు దెబ్బలు వేస్తే గానీ పగలకపోవడం రెబెక్కమ్మ గమనించింది. అంతే, రోలు ముందు వేసుకు కూర్చుంది.

యాభై ఆరో సంవత్సరంలో సమాధానం తాగొచ్చి, కాల్చిన గుల్లను నీళ్ళు పోసి తడిపే గుంటలో బోర్లా పడ్డాడు. గుంట కుతకుత ఉడుకుతోంది. లాగింది ఆమే. మొహం మీది తోలు ఆమె చేతుల్లోకి వచ్చింది. కళ్ళు పోయాయి, ప్రాణం పోలేదు. ఆ తర్వాత మూడేళ్ళు బతికి, అడుగుల చప్పుడును బట్టి కర్ర విసిరేవాడు. గురి చాలావరకు తప్పేది కాదు. ఒకసారి ఆమె పక్కటెముక విరిగింది, ఒకసారి చెవి చిట్లింది. ఆయన పోయాక ఆమె ఒక్క వారం ఇంట్లో కూర్చుని, ఎనిమిదో రోజున గంప ఎత్తుకుంది. ఒకరి చేతికింద బతకనక్కర లేకుండా ఆమెకు మిగిలింది ఆ గంప ఒక్కటే.

అప్పుడే బ్లాకాఫీసు వాళ్ళు ఊరూరా తెల్లటి సీమకోళ్ళు పంచారు. గూట్లో పెట్టి సాకమన్నారు. ఏం పెట్టాలో కూడా చెప్పే ఉంటారు, మనవాళ్ళకు వినే ఓపిక ఎక్కడిది? రోజూ గుడ్డు పెట్టే జాతి అది. నెల తిరిగేసరికి తోలుగుడ్లు జారిపడసాగాయి, పెంకు లేకుండా మెత్తటి సంచుల్లాంటివి. ఆ సొన రుచి మరిగిన పెట్టలు గుడ్లతో ఆగలేదు. పక్కదాని తోక కింద పొడిచి, రక్తం కనబడగానే మిగతావన్నీ దాని మీద పడి, బతికుండగానే పేగులు లాక్కుతిన్నాయి. గూడు తెరిచి చూసిన ఆడవాళ్ళు దయ్యమన్నారు. రెబెక్కమ్మ వచ్చి ఆకలన్నది. ఆమె గంప ఏడు ఊళ్ళు తిరగడం అప్పటినుంచే.

అరవై రెండో సంవత్సరం ఫాల్గుణంలో, కోతలు ముగిశాక, తడ వైపు నుంచి మునెయ్య నాలుగు వందల బాతుల మందతో వచ్చి రంగనాయకులు గారి మళ్ళలో దిగాడు. రంగనాయకులు ఆ ఊరికి పెద్దరైతు, తగాదాలు తీర్చేదీ ఆయనే. బాతులు రాలిన గింజ తిని చేలో పెంట వేస్తాయి కనుక ఆయనకూ ఇష్టమే. మునెయ్య వెంట భార్య చెంచమ్మ. ముప్పై దాటని మనిషి, మాట్లాడితే నేల చూస్తూ మాట్లాడేది.

దారి పొడుగునా ఒడ్లే తిన్న బాతులు తోలుగుడ్లు పెడుతున్నాయి. గుడ్డు చితికినప్పుడల్లా మునెయ్య చెంచమ్మను కొట్టేవాడు. అంటుముట్టుతో మందలో తిరిగావని ఒకనాడు, నీ కన్ను మంచిది కాదని ఇంకోనాడు. మందను తోలేదీ, పెళ్ళాన్ని బాదేదీ ఒకే కర్ర. గుడ్లు పెట్టేవి కదా అని బాతులకు మాత్రం మెల్లగా తాకించేవాడు.

గట్టు మీద పోతూ రెబెక్కమ్మ ఆ పిల్ల భుజం వాపు చూసింది, దొప్పలోని గుడ్లు చూసింది. గంప దించి అందులోని గుల్లనూకంతా ఊరకే పోసింది.

"దెబ్బలకు పెంకు గట్టిపడదు చెంచా. ఇది తవుట్లో కలిపి పెట్టు. పది దినాలు చూడు."

పది రోజులకు గుడ్లు గట్టిపడ్డాయి. దెబ్బలూ తగ్గాయి. మునెయ్య అక్కడితో ఆగితే ఈ కథ లేదు. కానీ వాడికి ఒక తెలివి పుట్టింది. నాటువైద్యుడు శంఖాన్ని పచ్చిగా ఇస్తాడా? కాల్చి భస్మం చేసి ఇస్తాడు. కాల్చిందే మందు, పచ్చిది చెత్త. పచ్చిగుల్లకే ఇంత గుణముంటే కాల్చిన గుల్లకు ఎంత ఉండాలి! పైగా ఒక ఆడదాని గంప ముందు చెయ్యి చాపి నిలబడక్కర్లేదు. బట్టీకి పోయి, వాకిట్లో ఊడ్చి పోసిన పొడి అరబస్తా అడుక్కున్నాడు. బస్తా మోసింది చెంచమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆ పొడి తడితవుట్లో పిసికి మంద ముందు పోశాడు. ఆకలి మీదున్న బాతులు మెడలు సాచి మింగి, నీటిగుంటకు పరిగెత్తాయి. నీళ్ళు తాగుతూనే మెడలు మెలితిప్పుకోసాగాయి. ముక్కుల వెంట తెల్లటి నురగ, దాని వెనక రక్తం. కొన్ని రెక్కలు కొట్టుకుంటూ ఉన్నచోటే గిరగిర తిరిగాయి. కొన్ని నీళ్ళలోకి తల దించి మళ్ళీ ఎత్తలేదు. మునెయ్య మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్క బాతునూ పట్టి, నోరు తెరిచి, వేలు పెట్టి గీరాడు. లోపలి తోలు వేలి వెంట వచ్చింది. ఎండెక్కేసరికి మందలో సగం వెల్లకిలా తేలింది.

చేసిన తప్పు తనదని ఒప్పుకోవడం మునెయ్య లాంటి మనిషికి చావుతో సమానం. చావు ఇంకొకరికి ఇవ్వడం సులువు. వాడు కర్ర పట్టుకుని తిన్నగా రెబెక్కమ్మ గుడిసెకు పోయాడు.

ఆమె రోటి ముందు కూర్చుని ఉంది. మొదటి దెబ్బ మెడ మీద పడింది. ఎందుకని అడిగేలోపు రెండోది నోటి మీద పడి రెండు పళ్ళు రాలాయి. జుట్టు పట్టి గుడిసె నుంచి రంగనాయకులు గారి కళ్ళం దాకా ఈడ్చాడు. కోక ముళ్ళకు చీరుకుపోయింది, మోకాళ్ళు చెక్కుకుపోయాయి. వెంటవచ్చిన జనంలో నలుగురు మొగాళ్ళు ఆమె గంపా, జల్లెడా, రోకలీ మోసుకొచ్చి పడేశారు, తీర్పయ్యాక తగలబెట్టవచ్చునని. వాళ్ళిళ్ళలో పెట్టలు ఆమె గుల్లతోనే గుడ్లు పెడుతున్నాయి. ఆ సంగతి ఆ పూట ఒక్కడికీ గుర్తు రాలేదు.

రంగనాయకులు నులకమంచం వేయించుకు కూర్చున్నాడు. "రెబెక్కమ్మా, నీ సరుకు తిని బాతులు చచ్చినాయంటుండాడు. అది నిజమని తేలితే ఈ చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ నువ్వు గంప దించేదానికి లేదు. చెప్పుకునేది చెప్పుకో."

గంప పోతే ఏముంది ఇక? ఏ గుమ్మంలోనో కూలికి పడి ఉండాలి. రెబెక్కమ్మ నోట్లోని రక్తం ఉమ్మి, మునెయ్య తెచ్చి చూపించిన బస్తాలోకి చెయ్యి పెట్టి తీసింది.

"అయ్యా, నాది ముక్క. ఇది పిండి. ఇది బట్టీ సున్నం."

"బాతులకు అరగాలని నేనే మళ్ళీ దంచినాను. దీని సరుకే," అన్నాడు మునెయ్య.

"సున్నమయితే నీళ్ళు పోస్తే ఉడకాల గదా," అన్నారెవరో. పోశారు. ఉడకలేదు. బట్టీ వాకిట్లో పదిరోజులు మంచుకు తడిసి విరిసిపోయిన పొడి అది, ఉడికే దశ దాటిపోయింది. మంట మాత్రం అట్లాగే ఉంది. ఆ తేడా చెప్పబోతే వినేవాళ్ళు లేరు. చూశారా, చూశారా అని జనం గోల చేశారు.

రెబెక్కమ్మ చెంచమ్మ వైపు తిరిగింది. "చెంచా, మోసినదానివి నువ్వే. యాడనించి తెచ్చినారో చెప్పు."

చెంచమ్మ మొగుడి చేతిలోని కర్ర చూసింది. తర్వాత నేల చూసింది.

"నాకు తెలీదు," అంది.

ఆ మాటకు రెబెక్కమ్మకు నోటి నొప్పి కూడా తెలియకుండా పోయింది. ఒళ్ళంతా మండిపోయింది. కొట్టినవాడి మీదకంటే ఆ ఒక్క మాట అన్నదాని మీద ఎక్కువ కోపం వచ్చింది.

ప్రమాణం చెయ్యమన్నాడు రంగనాయకులు. బైబిలు మీద చెయ్యి పెడతానంది ఆమె. ఆ పుస్తకం నాకు లెక్క కాదన్నాడు మునెయ్య. తను తమ అమ్మవారి పేరున కర్పూరం ఆర్పుతానన్నాడు. నీ కర్పూరం నాకు లెక్క కాదంది ఆమె. ఇద్దరి దేవుళ్ళూ పనికిరాకుండా పోయారు.

అప్పుడు రెబెక్కమ్మ లేచి, తన గంపలోంచి గుప్పెడు గుల్లనూక తీసి నోట్లో పోసుకుంది. ఊడిన పళ్ళ సందుల్లో ముక్కలు గుచ్చుకుంటుంటే, చెంబెడు నీళ్ళతో మింగేసింది. నోరు తెరిచి చుట్టూ తిరిగి చూపించింది.

"నాదీ అదీ ఒకటేనంటివే మునెయ్యా. ఇదో, నేను తింటిని. బతికే ఉండాను. ఇప్పుడు నువ్వు అది తిను."

జనానికి భలే ఉత్సాహం వచ్చింది. ఇంతసేపూ ఆమెను తిట్టిన నోళ్ళే, తిను, తిను అని అరిచాయి. ఒకడు ఈల వేశాడు. మునెయ్య మొహాన చెమట కారింది. వాడి వేలికి బాతుల నోటి తోలు ఇంకా అంటుకునే ఉంది. అటూ ఇటూ చూసి, చెంచమ్మ జుట్టు పట్టి మోకాళ్ళ మీద కూలదోశాడు.

"మోసింది ఇది. కలిపింది ఇది. ఇదే తింటాది," అని బస్తాలోంచి పిడికెడు తీశాడు.

రెబెక్కమ్మకు తెలుసు. ఆ కళ్ళంలో ఉన్న అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అది మనిషి ఒంటిని ఏం చేస్తుందో తన చేతులతో పట్టి చూసింది. రోకలి ఒక్క అంగ దూరంలో పడి ఉంది. వద్దని అరిస్తే చాలు. ఆమె అరవలేదు. తెలీదన్న ఆ నోట్లోనే పడనీ, అందరూ చూస్తారు, నా గంప నాకుంటుంది. అట్లా అనుకుంది. అనుకుంటూ నిలబడింది.

మునెయ్య పిడికిలి చెంచమ్మ పళ్ళ మధ్యకు దిగింది.

ఆ కేకకు చెట్ల మీది కాకులు లేచిపోయాయి. రెబెక్కమ్మ ఎప్పుడు వంగిందో ఎప్పుడు రోకలి ఎత్తిందో ఎవరూ చూడలేదు. మొదటి పోటుకు మునెయ్య మణికట్టు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. రెండోది మోచేతి మీద. వాడు పడిపోయాక కూడా ఆపలేదు, మోకాలి చిప్ప మీద గుల్ల దంచినట్టే దంచింది. పళ్ళు రాలిన నోటితో ఏమి అరుస్తోందో ఆమెకే తెలియదు. నలుగురు పట్టుకు లాగితే గానీ రోకలి వదల్లేదు. వదిలీ వదలగానే చెంచమ్మ దగ్గరికి పాకి, వేళ్ళతో ఆ నోట్లోని పొడి గీరి తీస్తూ, "మజ్జిగ, మజ్జిగ తెండి," అని కేకలు పెట్టింది. చెంచమ్మ పెదవులు అప్పటికే తెల్లగా ఉబ్బి, నాలుక మీది పొర ఊడి వస్తోంది.

మజ్జిగ కుండ తెచ్చింది రంగనాయకులు తల్లి రాఘవమ్మ. ఆ ముసలావిడను ఇంతసేపూ ఎవరూ పిలవలేదు, ఎవరూ అడగలేదు. ఆవిడ కుండ దించి, బస్తాలోకి ఒకసారి తొంగిచూసి, కొడుకు మొహంలోకి చూసింది.

"చిటికెడు పసుపు కలిపి చూసుంటే ఎర్రగా తేలిపొయ్యేది గదరా, సున్నమో కాదో. వాకిట్లో పారాణి కలిపే ఆడదాన్ని ఒక్కదాన్ని అడగలేకపోతిరా?"

ప్రతి ఇంట్లోనూ పోపులపెట్టెలో ఉన్న వస్తువే అది. రెబెక్కమ్మకు కూడా ఆ పూట గుర్తు రాలేదు. గుర్తొచ్చి ఉంటే అని ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు తలబాదుకుందో.

ఇక తీర్పు చెప్పనక్కర లేకపోయింది. చెంచమ్మ నోరే చెప్పింది. రంగనాయకులు గంప తీసుకుపొమ్మన్నాడు. వారం తర్వాత మునెయ్య మిగిలిన మందను ఒంటిచేత్తో తోలుకుంటూ, కుంటుతూ దక్షిణంగా పోయాడు. నోరు కాలినదానితో నాకేం పనని చెంచమ్మను వదిలేసి పోయాడు. రెబెక్కమ్మ ఆమెను తన గుడిసెకు తెచ్చుకుంది. రెండు నెలలు గంజి, మజ్జిగ గరిటెతో పోసింది. పుండ్లు మానాయి. మాట మాత్రం మునుపటిలా రాలేదు, ముద్దగా వచ్చేది. అలవాటైన వాళ్ళకే అర్థమయ్యేది.

తర్వాత ఒకే రోటి మీద ఇద్దరూ రెండు రోకళ్ళతో పోటు వేస్తూ గుల్ల దంచేవాళ్ళు. గంపలు రెండయ్యాయి, ఊళ్ళు పది దాటాయి. చెంచమ్మ ఏ గుమ్మంలో కూర్చున్నా ఆ ముద్దమాటతో ఒకటే చెప్పేది. "మా అక్క రోకలి ఎత్తకపోతే నేను ఆనాడే చచ్చుండేదాన్ని." ఆ మాట చెవిన పడితే రెబెక్కమ్మ కారాలు మిరియాలు నూరేది. "చాల్లే, ముందు జల్లెడ పట్టు," అని కసిరేది. వినేవాళ్ళు ఆమెకు పొగడ్త గిట్టదనుకునేవాళ్ళు. ఆమెకు నిజంగానే అన్నం సయించేది కాదు ఆ పూట.

ఐదేళ్ళు అట్లా గడిచాయి. అరవై ఏడు వేసవిలో ఒక పొద్దున, దంచుతూ దంచుతూ రెబెక్కమ్మ అడగని మాట చెప్పేసింది.

"చెంచా, ఆనాడు నేను ఆగినాను. వాడు నీ జుట్టు పట్టినప్పుడే అరవగలిగినదాన్ని. కావాలనే ఆగినాను. నీ నోట్లో పడితే నా గంప దక్కుతాదని ఆగినాను."

చెంచమ్మ పోటు ఆపలేదు.

"తెలుసక్కా. వాడు నా తల వెనక్కి వంచినప్పుడు నాకు కనపడింది నీ మొగమే."

రెబెక్కమ్మ రోకలి గాల్లోనే ఆగిపోయింది. "మరి ఊరందరికీ అట్ట చెప్తావేందే?"

"నేను తెలీదన్నప్పుడు నీకూ నా మొగం కనపడింది గదా," అంది చెంచమ్మ, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ. "ఇన్నేండ్లలో అది నువ్వు ఒక్కనాడన్నా ఎత్తినావా?"

రెబెక్కమ్మ రోకలి కింద పడేసి, గుల్లపొడి అంటిన చేతులతోనే మొహం కప్పుకుని బావురుమని ఏడ్చింది. చెంచమ్మ ఆమెను ఏడవనిచ్చింది. ఆ రోజు మధ్యాహ్నానికి అవతలి ఊళ్ళో సీమకోళ్ళ వాళ్ళకు రెండు మానికల నూక చేర్చాల్సి ఉంది, అందుకని ఒక్కతే దంచుతూ కూర్చుంది.